కొత్త పథకాలు తర్వాత, ముందు పాత బాకీలు ఇవ్వండి: ముగ్గురు ఆర్థిక మంత్రులకి కోదాడ వైపు నుంచి ఒక కిరాణం షాపతను

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి, తెలంగాణ ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క గారికి, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారికి,

నమస్కారం. ముగ్గురికీ కలిపి ఒకటే లెటర్ ఎందుకంటే మీరు ముగ్గురూ పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో కూర్చుంటారు, పైగా మా షాపు మీ ముగ్గురి నిర్ణయాల మీదా ఆధారపడి నడుస్తది. కోదాడ దగ్గర ఒక మండల కేంద్రంలో మాది కిరాణం. సరుకు విజయవాడ వన్ టౌన్ హోల్‌సేల్ నుంచి వస్తది, గిరాకీ ఇటు సూర్యాపేట జిల్లా పల్లెల నుంచి, కొంత అటు జగ్గయ్యపేట వైపు నుంచి. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ఉంది, ఆ వెనకాలే రెండు రాష్ట్రాల బడ్జెట్లు వస్తాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

జనం ఖర్చు పెడితే ఎకానమీ నిలబడతది అని మీరంతా అంటారు, నేనూ ఒప్పుకుంటా, దేశం జీడీపీలో 60 శాతం దాకా జనం ఇళ్ళలో పెట్టే ఖర్చే కదా. కానీ ఆ ఖర్చు ఎట్లా పుడతది అన్న దగ్గరే మీ లెక్కకీ మా గల్లా పెట్టె లెక్కకీ తేడా వస్తున్నది. ధర తగ్గిస్తే కొంటారు, వడ్డీ తగ్గిస్తే కొంటారు అని మీరు అనుకుంటున్నారు. మా దగ్గర చేతిలోకి డబ్బు వేళకి వస్తే కొంటారు, రాకపోతే ధర ఎంత తగ్గినా కొనరు. ఆ డబ్బు ఎక్కడెక్కడ ఆగిపోతున్నదో చూసుకుంటూ పోతే అందులో చాలా భాగం మీ ట్రెజరీల దగ్గరే తేలుతున్నది, అందుకే ఈ లెటర్.

జీఎస్టీ తగ్గింపుతోనే మొదలుపెడతా, అది అన్నిటికన్నా కొత్తది, మంచి ఉద్దేశంతో చేసింది కూడా. 2025 సెప్టెంబర్ 3న కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది, 22 నుంచి అమల్లోకి వచ్చింది, మాకు అది ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి. సబ్బులు, పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5కి దిగినై. చాలా బాగుంది. కానీ మా షాపులో లెక్క ఎట్లా ఉంటదో చెప్తా వినండి. బియ్యం, పప్పు, వంట నూనె, చక్కెర, కారం మీద పన్ను అప్పటికే 5 శాతమో సున్నానో ఉండె, వాటిలో మారిందేమీ లేదు. ఒక కుటుంబం నెలకి సబ్బులు, పేస్టు, షాంపూ, బిస్కెట్లు అన్నీ కలిపి 600 రూపాయలవి తీసుకెళ్తే, పన్ను తగ్గింపు మొత్తం వాళ్ళకి అందినా అవి 534కి వస్తాయి. అంటే మిగిలేది 66 రూపాయలు. అది కూడా పెద్ద ప్యాకెట్లు కొనేవాళ్ళకి. మా దగ్గర పోయేది 2 రూపాయల షాంపూ, 5 రూపాయల బిస్కెట్, 10 రూపాయల సబ్బు. 5 రూపాయల బిస్కెట్ 4.45 అయితే ఆ 55 పైసలు నేను ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి, అర్ధ రూపాయి బిళ్ళ చూసి ఎన్నేళ్ళయింది. తర్వాత కంపెనీలు అదే 5 రూపాయలకి గ్రాములు పెంచడం మొదలుపెట్టినై. పిల్లవాడికి ఒక బిస్కెట్ ఎక్కువ వచ్చింది, సంతోషమే, కానీ ఆ తల్లి చేతిలో వేరే ఇంకేదైనా కొనడానికి ఒక్క పైసా మిగల్లేదు. కౌన్సిల్‌లో దీని గురించి ఎవరైనా మాట్లాడారో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి, కాంపోజిషన్ స్కీంలో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న షాపుల స్కీంలో ఉన్న నాలాంటి వాళ్ళు కొన్నప్పుడు 18 శాతం కట్టి కొన్నాం, మాకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తిరిగి రాదు, 22 పొద్దున నుంచి తగ్గించి అమ్మమన్నారు, అమ్మినం. పాత స్టాకు మీద ఆ తేడా అంతా చిన్న షాపుల వాళ్ళ మీదే పడ్డది. దాని గురించి ఏ సర్క్యులర్‌లోనూ మాకు ఊరట కనపడలేదు.

ఇప్పుడు అదే సీజన్‌లో పత్తి సంగతి చూడండి. ఆగస్టు 19న కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం తీసేసింది, ముందు సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అమెరికా 50 శాతం టారిఫ్ వేసింది, మన మిల్లులు దెబ్బతింటాయి, అందుకని చేశారు, ఆ కష్టం కూడా నిజమే, బట్టల మిల్లులుండే తిరుపూర్‌లో పనిచేసేవాళ్ళవీ మా లాంటి కుటుంబాలే. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ అంటే మా దగ్గర పత్తి ఏరే కాలం. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాకి 8,110 అని రాసి ఉండె, కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ కేంద్రానికి పోతే తేమ 12 శాతం దాటితే తీసుకోరు, అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను వాన పడి తేమ దిగలేదు, యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవడం రాని ముసలాయన ఆటోలో పత్తి వేసుకొని పోయి తిరిగొచ్చిండు. చివరికి చాలామంది ఊర్లోకి వచ్చిన బేరగాళ్ళకి క్వింటాకి వెయ్యికి పైనే తక్కువకి ఇచ్చేసిన్రు. పది క్వింటాళ్ళు పండిన ఇంటికి అక్కడే పది వేలు పోయినై. ఒక చేత్తో నెలకి 66 రూపాయలు మిగిల్చి ఇంకో చేత్తో పది వేలు పోయేటట్టు చేస్తే ఆ ఇల్లు దసరా తర్వాత ఏం కొంటది మేడమ్. జులై-సెప్టెంబర్ జీడీపీ 8.2 శాతం పెరిగిందని, అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిందని టీవీలో చెప్తుంటే మా షాపు ముందు బెంచీ మీద కూర్చున్న రైతులు విన్నరు. ధరలు పడ్డాయంటే కొనేవాడికి మంచిదే, కానీ పండించేవాడికి అదే ఆదాయం పడిపోవడం, మా ఊర్లో కొనేవాడూ పండించేవాడూ ఒకడే.

కొంచెం వెనక్కి పోదాం. 2019లో ఎకానమీ చల్లబడ్డది, కార్లు, బండ్లు, చివరికి 5 రూపాయల బిస్కెట్లు కూడా పోవడం లేదని పేపర్లలో వచ్చింది. అప్పుడు మీరు, మేడమ్, సెప్టెంబర్ 20న గోవాలో కార్పొరేట్ ట్యాక్స్ 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, కొత్త ఫ్యాక్టరీలకి 15 శాతం. ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నాం అని మీరే చెప్పారు. కంపెనీలకి లాభం మిగిలితే ఫ్యాక్టరీలు పెడతాయి, ఉద్యోగాలు వస్తాయి, జనం కొంటారు అని లెక్క. కొనేవాడే లేనప్పుడు ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? నేనే గిరాకీ లేని రోజుల్లో రెండో గోడౌన్ అద్దెకి తీసుకోను, ఎంత చవగ్గా వచ్చినా సరే. తర్వాత కోవిడ్ వచ్చింది కాబట్టి అంతా దాని మీదకి పోయింది, కానీ 2024-25 ఎకనామిక్ సర్వేలో మీ శాఖే రాసింది కదా, 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగినై, ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగినై అని. ఆ వదిలేసిన డబ్బు జీతాల రూపంలో కిందికి రాలేదని దీనికన్నా స్పష్టంగా ఎవరు చెప్పాలి. అదే 2019లో పెట్టిన పీఎం కిసాన్ 6 వేలు ఇప్పటికీ ఆ 6 వేలే.

దానికి పూర్తిగా వేరే సంగతి 2020. లాక్‌డౌన్‌లో ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ముందు లెక్క వచ్చింది. 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు, అందులో ఎక్కువ భాగం లోన్లు, గ్యారంటీలు. ఆ గ్యారంటీ లోన్లు కొన్ని చిన్న ఫ్యాక్టరీలని నిలబెట్టినై, కాదనను. కానీ మా పల్లెల్ని నిలబెట్టినవి మాత్రం రెండే, మనిషికి 5 కిలోల బియ్యం, ఉపాధి హామీ పని. హైదరాబాద్‌లో అడ్డా కూలీకి పోయేవాళ్ళు, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ పని చేసేవాళ్ళు అందరూ ఊర్లోకి తిరిగొచ్చిన్రు, రోజుకి 237 రూపాయల కూలీకి చెరువు పూడిక తీసిన్రు, కాలవలు తవ్విన్రు. దేశమంతా ఆ ఏడాది ఉపాధి హామీ మీద 1.11 లక్షల కోట్లు ఖర్చు చేశారు. అంత కష్టకాలంలో కూడా మా షాపు మూతపడలేదంటే, విజయవాడ హోల్‌సేల్ వాళ్ళకి నేను చెక్కు బౌన్స్ కాకుండా డబ్బు కట్టగలిగానంటే ఆ కూలీ డబ్బుల వల్లే. ప్రభుత్వం ఎకానమీని నిలబెట్టగలదా అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తా, నిలబెట్టగలదు, అప్పుడు నిలబెట్టింది, నేను చూసిన. డబ్బు ఎవరి చేతిలో పడితే తెల్లారే ఖర్చవుతదో వాళ్ళ చేతిలో పడ్డది కాబట్టి నిలబడ్డది.

12 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. లక్ష కోట్లు వదులుకున్నారు. మా మండలంలో దాని వల్ల మిగిలింది టీచర్లకి, బ్యాంకు వాళ్ళకి, కొందరు ఉద్యోగులకి. మంచిదే, కానీ వాళ్ళలో చాలామంది ఇంటి లోన్ తొందరగా తీర్చుకున్నరు, వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేస్తా. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 2025 ఒక్క ఏడాదిలో 6.5 నుంచి 5.25కి తగ్గింది, ఊర్లో మాత్రం రెండు రూపాయల వడ్డీ రెండు రూపాయల వడ్డీయే, ఏడాదికి 24 శాతం, ఆధారం లేనివాడికి మూడు రూపాయలు. బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చినా దాంతో కొత్తగా కొనేదేమీ లేదు, కాలేజీ ఫీజు, ఆసుపత్రి బిల్లు, పాత అప్పు మీద వడ్డీ. అప్పు చేసి ఖర్చు పెట్టమని జనాన్ని ఎగేస్తే రెండేళ్ళు షాపులు కళకళలాడతాయి, ఆ తర్వాత ఏమవుతదో 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల మన ఊర్లు ఏం అనుభవించాయో మన రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతి, బాకీలు. భట్టి గారూ, కేశవ్ గారూ, ఇది ఎక్కువగా మీ ఇద్దరికి.

మా పక్క ఊరి మాజీ సర్పంచ్ ఒకాయన ఉన్నడు. సీసీ రోడ్డు వేసిండు, వైకుంఠధామం (శ్మశానం) పని చేయించిండు. పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో అయిపోయింది, 2025 డిసెంబర్‌లో కొత్త సర్పంచులు కూడా వచ్చిన్రు, ఆయన బిల్లులు మాత్రం పూర్తిగా రాలేదు. ఆయన ఇంటామె బంగారం తాకట్టులో ఉంది. సిమెంటు షాపు వాడికి ఆయన ఇవ్వలేదు, కంకర లారీ వాడికి ఇవ్వలేదు, మేస్త్రీకి సగం ఇచ్చి సగం బిల్లు రాగానే ఇస్తా అన్నడు. ఆ మేస్త్రీ ఇంటి పేజీ నా ఉద్దెర పుస్తకంలో ఉంది. ఆ ఇంటామె ఇంతకు ముందు నెల మొదట్లో చిట్టీ రాసుకొని వచ్చేది, 5 లీటర్ల నూనె డబ్బా, పది కిలోల కందిపప్పు కాకపోయినా మూడు కిలోలు, చింతపండు, ఎండుమిర్చి, సబ్బుల కట్ట, అన్నీ ఒకేసారి. ఇప్పుడు సాయంత్రం పూట వస్తది, అర లీటరు నూనె ప్యాకెట్, 10 రూపాయల పసుపు, పావు కిలో పప్పు. చిల్లరగా కొంటే ఆమెకి అదే సరుకు ఖరీదెక్కువ పడతదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. "బిల్లు రాగానే ఇస్తా అన్నా" అంటది, నేను రాసుకుంటా. నేను విజయవాడ వాళ్ళకి ఆలస్యంగా కడతా, వాళ్ళు నాకు ఇచ్చే గడువు నెల రోజుల నుంచి పదిహేను రోజులకి దిగింది. అంటే ఒక్క ప్రభుత్వ బిల్లు ఆగితే సర్పంచ్, సిమెంటు షాపు, మేస్త్రీ, నేను, విజయవాడ హోల్‌సేల్, ఇంతమంది ఖర్చు ఆగింది. కాలవకి ఎగువన తూము మూస్తే చివరి ఆయకట్టు దాకా ఎండినట్టే ఇది, మధ్యలో ఎవరి తప్పూ లేదు.

ఇది ఒక్క సర్పంచుల సంగతి కూడా కాదు. ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని 2025 సెప్టెంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపినై, అక్టోబర్‌లో ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రులూ అదే పని చేసినై. నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలో కాలేజీలు బంద్ పెట్టినై. ఉద్యోగుల డీఏ బకాయిలు రెండు వైపులా ఉన్నాయి. ఆసుపత్రి వాడు ఆపితే పేషెంటు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడతాడు, కాలేజీ వాడు సర్టిఫికెట్ ఆపితే తండ్రి తెచ్చి కడతాడు, ఆ నెల ఆ ఇంట్లో మా షాపు గిరాకీ సున్నా. ఇవి పాత ప్రభుత్వాలు వదిలేసి పోయిన బాకీలని మీ రెండు ప్రభుత్వాలూ అంటున్నాయి, అందులో నిజం ఉండొచ్చు, కానీ మేస్త్రీకి పాత ప్రభుత్వం, కొత్త ప్రభుత్వం అని రెండు లేవు, రోడ్డు వేయించుకున్నది సర్కారు, డబ్బు ఇవ్వాల్సింది సర్కారు.

వేళకి ఇస్తే ఏమవుతదో కూడా చూసినం. 2025 జూన్‌లో రైతు భరోసా ఎకరానికి 6 వేల చొప్పున తొమ్మిది రోజుల్లో 9 వేల కోట్లు వేశారు, దుక్కులు దున్నే టైముకి పడ్డది. ముందు ఎరువుల షాపుకి పోయింది, తర్వాత నా పుస్తకంలో పేజీలు కొట్టేసిన్రు, ఆ వారం నేను విజయవాడకి పాత బాకీ అంతా పంపిన. జనం కొత్తగా ఏదో కొంటేనే ఎకానమీకి మేలు అనుకోవద్దు, పాత బాకీలు తీరితే మళ్ళీ అప్పు పుడతది, మళ్ళీ సరుకు కదులుతది. కానీ భట్టి గారూ, అందులో కౌలు రైతుకి పైసా రాలేదు. భూమి మీద పట్టా ఉండి హైదరాబాద్‌లో ఉండే ఆయన ఖాతాలో పడ్డది, అక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కూర్చున్నది. భూమి లేని కూలీ కుటుంబాలకి ఏడాదికి 12 వేలు అని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు, చాలా సరైన ఆలోచన, తెల్లారే ఖర్చు పెట్టేది వాళ్ళే, కానీ మా వైపు అది అందినవాళ్ళు చాలా కొద్దిమంది. ఫ్రీ బస్సు గురించి కూడా ఒక మాట, ఆడవాళ్ళు ఇప్పుడు కోదాడ పోయి కొనుక్కుంటున్నరు, మా షాపుకి కొంత గిరాకీ తగ్గింది నిజమే, అయినా ఆ పథకం ఉండాలి, కూలీకి దూరం పోయే ఆడవాళ్ళకి రోజూ యాభై అరవై మిగులుతున్నది, అది ఖర్చయ్యే డబ్బే.

ఇప్పుడు కొత్తగా వచ్చిన భయం ఒకటుంది. 2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం తీసేసి దాని స్థానంలో వీబీ జీ రామ్ జీ అనే కొత్త ఉపాధి చట్టం తెచ్చారు. 100 రోజులని 125 చేశారు, మన దగ్గర 2025-26 కూలీ రేటు రోజుకి 307 లెక్కన పూర్తిగా పని దొరికితే ఇంటికి 38 వేల పైన వస్తది, కాగితం మీద చాలా బాగుంది. కానీ ఇంతకాలం కూలీ డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది, ఇప్పుడు 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. ఆసుపత్రులకి, కాలేజీలకి, సర్పంచులకి ఇవ్వలేకపోతున్న రాష్ట్రాలు ఈ 40 శాతం వేళకి ఎక్కడి నుంచి తెస్తాయి మేడమ్? రాష్ట్రం వాటా రాలేదని పని పెట్టకపోతే, పెట్టినా డబ్బు మూడు నెలలు ఆగితే, 125 రోజులు అని రాసుకొని ఏం లాభం. పాత చట్టంలో 15 రోజుల్లో కూలీ ఇవ్వాలని ఉన్నప్పుడే నెలలు నెలలు ఆగేది.

ఖజానాలో డబ్బు లేదు, 2025-26లో లోటు జీడీపీలో 4.4 శాతానికి తేవాలి అని మీరు అంటారు. అర్థమవుతుంది. నేను అడిగేది కొత్త డబ్బు కాదు, ఇప్పటికే చేయించుకున్న పనికి, ఇప్పటికే కొన్న వస్తువుకి ఇవ్వాల్సింది. అది ఇవ్వకుండా లోటు తక్కువ చూపిస్తే ఆ లోటు ఎక్కడికీ పోలేదు, సిమెంటు షాపు పుస్తకంలోకి, నా పుస్తకంలోకి వచ్చి కూర్చున్నది, మేము దాని మీద 24 శాతం వడ్డీ కడుతున్నం. ప్రభుత్వం బాండ్లు పెట్టి అప్పు తెస్తే 7 శాతం చుట్టూ దొరుకుతది. ఎవరు అప్పు చేస్తే దేశానికి చవకో మీకే తెలుసు.

కాబట్టి భట్టి గారూ, కేశవ్ గారూ, మీ రాష్ట్రాల్లో పెండింగ్ బిల్లులు ఎన్ని, ఏ తేదీవి, ఎంత అన్నది శాఖల వారీగా అందరూ చూసేటట్టు పెట్టండి, చిన్న బిల్లులు, పాత బిల్లులు ముందు, వరస తప్పకుండా. ఇప్పుడు ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ళ బిల్లు ముందు పోతున్నదని ఊర్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఆ అనుమానం పోవాలంటే లిస్టు బయట పెట్టడం ఒక్కటే దారి. నిర్మలా మేడమ్, చిన్న పరిశ్రమల దగ్గర కొన్నవాళ్ళు 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోనివ్వం అని 2024 ఏప్రిల్ నుంచి రూల్ పెట్టారు. గవర్నమెంట్ శాఖ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టదు కదా, దానికి ఆ భయం లేదు. వస్తువు తయారు చేసేవాడికి 45 రోజుల రక్షణ ఉంది, సిమెంటు షాపు లాంటి ట్రేడర్‌కి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్నా అది వర్తించదు. ఈ రెండూ సరి చేయండి, గవర్నమెంట్ శాఖ లేటు చేస్తే వడ్డీ దానంతట అదే పడాలి, మేము ఆఫీసుల చుట్టూ తిరిగి అడుక్కునే పని ఉండొద్దు. పత్తి సుంకం లాంటి నిర్ణయాలు రైతు పంట అమ్ముకునే నెలల్లో తీసుకోవద్దు, తీసుకోక తప్పకపోతే సీసీఐ కేంద్రాలు అదే రోజు నుంచి తెరిపించండి. జీఎస్టీ తగ్గించిన రోజు కాంపోజిషన్ షాపుల్లో ఉన్న స్టాకు తేడా కూడా కౌన్సిల్‌లో ఒకసారి మాట్లాడండి, పెద్ద మొత్తమేమీ కాదు.

ఉపాధి కూలీ విషయం మాత్రం బడ్జెట్‌లోనే తేల్చండి. కూలీ డబ్బు మొత్తం ముందు కేంద్రమే కూలీ ఖాతాలో వేసి, రాష్ట్రం వాటా తర్వాత మీరూ మీరూ చూసుకోండి, కావాలంటే పన్నుల వాటాలో పట్టుకోండి. మా వైపు ఆ పనులు ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో, వానలు పడి నాట్లు మొదలయ్యే దాకా. అంటే ఏర్పాటు చేయడానికి ఫిబ్రవరి ఒక్కటే మిగిలింది.

ఇట్లు,
ఒక కిరాణం వ్యాపారి,
కోదాడ ప్రాంతం, సూర్యాపేట జిల్లా